చలికాలంలో ఇంట్లోనే బట్టలు ఆరేస్తున్నాం, బీరువా వెనక గోడకు బూజు పట్టింది: ఏం చేయాలి?

తడిగోడ (చర్చ ప్రారంభించిన సభ్యురాలు)

అందరికీ నమస్కారం. చలి మొదలైనప్పటి నుంచి మా ఇంట్లో బట్టలు ఆరడం పెద్ద సమస్యగా మారింది. మాది రెండు గదుల ఇల్లు, బాల్కనీ లేదు, మేడ మీదికి వెళ్లే తలుపుకు ఎప్పుడూ తాళం ఉంటుంది. అందువల్ల ఉతికిన బట్టలన్నీ పడకగదిలో మడత స్టాండు మీద వేసి, కిటికీలు మూసి, రాత్రంతా ఫ్యాను తిప్పి పడుకుంటున్నాం. చొక్కాలు మరునాటికి ఆరుతున్నాయి గానీ, జీన్సు ప్యాంట్ల నడుం పట్టీలు, తువ్వాళ్లు రెండో రోజు సాయంత్రానికి కూడా పూర్తిగా ఆరడం లేదు. ఆరినవాటిని మడతపెడుతుంటే ముక్క వాసన వస్తోంది.

ఇన్నాళ్లూ చలికాలం కదా అని సర్దుకుపోయాం. గత ఆదివారం కిందపడిన దువ్వెన తీయడానికి బీరువాను కొంచెం జరిపితే, వెనక గోడ మీద మోకాలి ఎత్తు వరకు నల్లటి చుక్కలు గుంపులు గుంపులుగా కనిపించాయి. వేలితో రాస్తే మసిలా అంటుకున్నాయి. మా అబ్బాయికి ఆరేళ్లు, వాడికి ఉబ్బసం ఉంది, వాడి మంచం ఆ గోడకు రెండడుగుల దూరంలోనే ఉంటుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ బూజుకు కారణం మేము ఆరేసే బట్టలేనా, లేక గోడలో ఎక్కడైనా నీరు కారుతోందా? ఇంట్లోనే ఆరేయక తప్పని మాలాంటి వాళ్లు ఏ పద్ధతి పాటించాలి? డ్రయ్యర్ కొనే స్తోమత ప్రస్తుతానికి లేదు.

గాలివాటం

తడిగోడ గారూ, ముందుగా ఆ బట్టల్లో ఎంత నీరుందో లెక్క వేసుకుందాం, ఎందుకంటే స్టాండు మీద వేలాడుతున్న బట్టలను చూస్తే అంత నీరుందని ఎవరికీ తోచదు. నాలుగు కిలోల పొడి బట్టలు మామూలు స్పిన్ తరువాత యంత్రంలోంచి బయటికి వచ్చేటప్పుడు సుమారు రెండున్నర లీటర్ల నీటిని తమతో తెస్తాయి. ఇక గది సంగతి చూడండి. పన్నెండడుగుల పొడవు, అంతే వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తు ఉన్న గదిలో దాదాపు 37 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. 18 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 15 గ్రాముల పైచిలుకు నీటి ఆవిరిని పట్టుకోగలదు. గదిలో తేమ అప్పటికే 60 శాతం ఉంటే, మొత్తం గది గాలిలో మిగిలిన చోటు 225 గ్రాములకు మించదు, అంటే ఒక గ్లాసు నీళ్లు. మీరు ఆ గదిలోకి తెచ్చినవి పదకొండు గ్లాసులు.

మిగిలిన పది గ్లాసులు ఎటు పోతాయన్నదే మీ ప్రశ్నకు మూలం. కొంత తలుపు సందుల్లోంచి బయటికి పోతుంది, కొంత పరుపులోకి, కర్టెన్లలోకి, బీరువాలో మడతపెట్టిన బట్టల్లోకి చేరుతుంది, మిగిలింది గదిలో అన్నిటికంటే చల్లగా ఉన్న గోడను పట్టుకుంటుంది. బీరువా గోడకు ఆనుకుని ఉంటే దాని వెనకకు గది వెచ్చదనం అందదు, గాలి ఆడదు, కాబట్టి ఆ భాగం మిగతా గోడకంటే మూడు నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటుంది. గది 18 డిగ్రీల వద్ద, 65 శాతం తేమతో ఉన్నప్పుడు గోడ 11 డిగ్రీలకు దిగితే నీటి బిందువులే కనిపిస్తాయి. అయితే బూజు పెరగడానికి బిందువులు అక్కరలేదు. గోడను తాకి ఉన్న గాలిలో తేమ 80 శాతం దగ్గర కొన్నాళ్లు నిలిస్తే చాలు, అందుకు గోడ 14, 15 డిగ్రీలకు చల్లబడితే సరిపోతుంది. గోడ చేతికి పొడిగా తగిలినా బూజు పెరగడానికి కారణం ఇదే.

మీరు రాత్రంతా తిప్పే ఫ్యాను బట్టల్లోంచి నీటిని త్వరగా లాగుతుంది, అది మంచిదే. కానీ ఆ నీటిని గది దాటించదు. తలుపులు, కిటికీలు మూసి ఫ్యాను తిప్పడమంటే బట్టల్లోని నీటిని గోడకు చేర్చడమే అవుతుంది.

దండెంతాడు

గాలివాటం గారి లెక్కను కాదనడం లేదు గానీ, మా ఇంట్లో ఇరవై ఏళ్లుగా చలికాలమంతా పడకగదిలోనే దండెం కట్టి ఆరేస్తున్నాం. ఇంతవరకు ఒక్క నల్లచుక్క కూడా రాలేదు. కాబట్టి తప్పంతా బట్టల మీదే వేయడం సరికాదని నా అభిప్రాయం. తడిగోడ గారి ఇంట్లో పైపు కారుతూ ఉండవచ్చు, ముందు దాన్ని చూడాలి.

గాలివాటం

దండెంతాడు గారూ, మీ కిటికీలు పాత చెక్క కిటికీలా? రెక్కలు మూసినా సందుల్లోంచి గాలి తగులుతుందా?

దండెంతాడు

అవును, పాతవే. చలికాలంలో సందుల్లో గుడ్డలు కుక్కుతాం, అయినా గాలి వస్తూనే ఉంటుంది. పైన వెంటిలేటర్లు కూడా ఉన్నాయి, వాటిని మూయడానికి రెక్కలే లేవు.

గాలివాటం

అయితే మీ ఇంటి తేమను ఆ సందులూ వెంటిలేటర్లే ఇరవై ఏళ్లుగా బయటికి పంపుతున్నాయి. కొత్త ఇళ్లలో రబ్బరు పట్టీలతో బిగిసే అల్యూమినియం, ప్లాస్టిక్ కిటికీలు పెట్టుకున్నాం, వెంటిలేటర్లు మానేశాం, దాంతో చలితో పాటు తేమకూ దారి మూసుకుపోయింది. మీ అనుభవం నిజమే, తడిగోడ గారి అనుభవమూ నిజమే. అయితే పైపు సంగతి చూడాలని మీరన్నది సరైన మాట, దాన్ని తేల్చుకోకుండా ముందుకు వెళ్లకూడదు.

పాతగోడలు

దాన్ని తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటి ఉంది. ఇళ్ల మరమ్మతుల పనిలో చాలా ఏళ్లు ఉన్నాను, అనుమానం వచ్చిన ప్రతి ఇంట్లో ముందుగా ఇదే చేసేవాణ్ణి. బూజు పట్టిన చోటికి కొంచెం పక్కన గోడను పొడి గుడ్డతో బాగా తుడిచి, జానెడు పొడవు, జానెడు వెడల్పు ఉన్న అల్యూమినియం రేకు కాగితాన్ని నాలుగు అంచులూ గాలి చొరబడకుండా టేపుతో అతికించాలి. రెండు రోజులు అలాగే వదిలేసి తీసి చూడాలి. గదివైపు ముఖం చెమర్చి ఉంటే నీరు గది గాలిలోంచి వస్తోందని అర్థం. గోడవైపు ముఖం తడిగా ఉంటే గోడలోంచి వస్తోందని అర్థం. బూజు ఉన్న తీరును చూసినా కొంత తెలుస్తుంది. నీరు కారితే మరక పసుపు, గోధుమ రంగు అంచులతో ఒక చోట నుంచి పాకుతుంది, వాన పడినప్పుడో కుళాయి వాడినప్పుడో పెరుగుతుంది. గాలిలోని తేమవల్ల వచ్చే బూజు గది మూలల్లో, సామాను వెనక, కిటికీ చుట్టూ చుక్కలు చుక్కలుగా పుడుతుంది.

శుభ్రం చేసే విషయంలో ఒక హెచ్చరిక. ఆ చుక్కలను పొడి చీపురుతో గానీ, పొడి బ్రష్షుతో గానీ దులపకండి, బీజాలన్నీ గదిలోకి లేస్తాయి. ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని, కిటికీ తెరిచి, సబ్బునీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయాలి. బ్లీచింగ్ ద్రావణం వాడదలిస్తే దాన్ని మరుగుదొడ్డి శుభ్రం చేసే ఆమ్లంతో గానీ, అమ్మోనియా ఉన్న ద్రవాలతో గానీ ఎన్నడూ కలపకూడదు, ప్రాణాపాయం కలిగించే వాయువులు వెలువడతాయి. అబ్బాయి ఇంట్లో లేనప్పుడు ఈ పని చేయండి. తుడిచాక చుక్కలు ఎంత మేర ఉండేవో గోడ మీద పెన్సిలుతో సన్నగా గీత గీసి ఉంచండి, మళ్లీ వస్తున్నాయో లేదో ఊహించుకోవలసిన పని ఉండదు. తేమ తగ్గకముందే పైన రంగు వేయించడం మాత్రం డబ్బు వృథా, నెల తిరగకుండానే రంగులోంచి పైకి వస్తాయి.

ఉతుకుబండ

నీటిని గది దాటించడం గురించి చెబుతున్నారు, మంచిదే. అసలు అంత నీటిని గదిలోకి తేకుండా ఉండడం అంతకంటే ముఖ్యమని నా నమ్మకం. యంత్రంలో ఉతుకు పూర్తయ్యాక బట్టలు తీసేయకుండా, ఉన్నంతలో ఎక్కువ వేగంతో మరోసారి స్పిన్ ఒక్కటే పెట్టండి. నిమిషానికి 800 చుట్ల వేగంతో తిరిగిన నూలు బట్టల్లో తమ బరువులో మూడింట రెండు వంతుల నీరు మిగిలితే, 1400 చుట్ల దగ్గర సగం మాత్రమే మిగులుతుంది. స్పిన్ ఆ నీటిని వేడితో కాకుండా విసురుతో తీస్తుంది కాబట్టి ఖర్చయ్యే విద్యుత్తు చాలా తక్కువ. అదే నీటిని గదిలో ఆవిరి చేయాలంటే లీటరుకు దాదాపు 0.7 యూనిట్ల వేడి కావాలి, ఆ వేడి మీ గదిలోంచే పోతుంది. తడిబట్టలున్న గది మిగతా ఇంటికంటే చల్లగా అనిపించడానికి కారణం అదే. పట్టు, ఊలు, సన్నటి లేసు బట్టలకు మాత్రం ఎక్కువ వేగం పెట్టకండి.

చేత్తో ఉతికే వాళ్లకు ఇంకో ఉపాయం. పిండిన బట్టను పొడి తువ్వాలు మీద పరిచి, రెండింటినీ కలిపి చాపలా చుట్టి, దాని మీద మోకాళ్లతో ఒత్తాలి. తువ్వాలు బరువెక్కడం చేతికే తెలుస్తుంది. ఆ తువ్వాలును విడిగా ఆరేయాలి నిజమే, కానీ స్వెట్టరుకు, పిల్లల మందపాటి బట్టలకు ఇది ఎంతో మేలు చేస్తుంది.

ఆరేసే పద్ధతిలో కూడా చాలా పొరపాట్లు చేస్తాం. స్టాండు కడ్డీ మీద ప్యాంటును సగానికి మడిచి వేస్తే నాలుగు పొరల గుడ్డ ఒకదానికొకటి అంటుకుని ఉంటుంది, లోపలి పొరలకు గాలి తగలదు. ప్యాంటును తిరగేసి, జేబులు బయటికి లాగి, నడుం పట్టీ గొట్టంలా తెరుచుకునేలా నాలుగు క్లిప్పులతో వేలాడదీయండి. చొక్కాలను హ్యాంగర్లకు తగిలించి, గుండీలు పెట్టకుండా వదలండి. బట్టకూ బట్టకూ మధ్య అరచేయి అడ్డంగా పట్టేంత సందు ఉండాలి. అంత చోటు లేకపోతే బట్టలు ఎక్కువయ్యాయని అర్థం. వారానికి ఒకసారి పది కిలోలు ఉతికే బదులు రెండు రోజులకొకసారి మూడు కిలోలు ఉతకండి. నా అనుభవంలో చలికాలపు కష్టాల్లో సగం ఆదివారం నాడు వారం బట్టలన్నీ ఒకేసారి ఉతకడం వల్లే వస్తాయి.

చలిదేశం

మేము చలికాలంలో సున్నా డిగ్రీల చుట్టూ ఉండే చోట, ఇంటిని వెచ్చచేసుకుని బతుకుతాం. బయట మంచు కురుస్తుంటే కిటికీ తెరవమని ఎవరైనా చెబితే మొదట్లో నాకు తెలివితక్కువ సలహాలా తోచేది. తరువాత లెక్క అర్థమైంది. 5 డిగ్రీల గాలి తడితడిగా, 80 శాతం తేమతో ఉన్నట్టు కనిపించినా, ఘనపు మీటరుకు ఐదున్నర గ్రాముల నీరు కూడా అందులో ఉండదు. ఆ గాలే లోపలికి వచ్చి 20 డిగ్రీలకు వెచ్చబడితే తేమ 30 శాతం దగ్గరికి పడిపోతుంది, అంటే బట్టలను చక్కగా ఆర్చే గాలిగా మారుతుంది. ఎదురెదురు కిటికీలు రెండు పది నిమిషాల పాటు బార్లా తెరిస్తే గదిలోని గాలంతా మారుతుంది, గోడలు, సామాను మాత్రం అంత తొందరగా చల్లబడవు కాబట్టి వెచ్చదనం త్వరగానే తిరిగి వస్తుంది. కిటికీని రోజంతా వేలెడు సందుతో వదలడం కంటే ఇది మేలు, అలా వదిలితే కిటికీ పక్క గోడ చల్లబడి అక్కడే బూజు పుడుతుంది.

మసకమంచు

చలిదేశం గారు చెప్పింది వెచ్చచేసుకునే ఇళ్లకు సరిపోతుంది. మాలాగా హీటరు లేని ఇళ్ల పరిస్థితి వేరు. తెల్లవారుజామున బయట 12 డిగ్రీలు, లోపల 15 డిగ్రీలు ఉన్నప్పుడు పొగమంచులో కిటికీ తెరిస్తే వచ్చిన గాలి దాదాపు తడిగానే ఉంటుంది, బట్టలు ఆరకపోగా ఇంకా చెమ్మగిల్లుతాయి. మధ్యాహ్నం సంగతి వేరు. పొద్దున 12 డిగ్రీల దగ్గర 95 శాతం తేమ ఉన్న గాలిలోనూ, మధ్యాహ్నం 24 డిగ్రీల దగ్గర 45 శాతం తేమ ఉన్న గాలిలోనూ ఉండే నీరు దాదాపు సమానమే, ఘనపు మీటరుకు పది గ్రాములు. వెచ్చబడిన గాలికి ఇంకా నీటిని పట్టుకునే శక్తి వస్తుంది, అంతే తేడా.

అందుకే మేము ఉతికే వేళ మార్చుకున్నాం. రాత్రి ఉతికి రాత్రి ఆరేసే అలవాటు మానేసి, ఉదయం తొమ్మిదింటికి ఉతికి, పదకొండు నుంచి నాలుగు వరకు కిటికీలు పూర్తిగా తెరిచి, కిటికీ దగ్గర ఫ్యాను పెట్టి ఆరేస్తాం. నాలుగున్నరకల్లా కిటికీలు మూసేస్తాం. ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు ఇది కష్టమని నాకు తెలుసు, అలాంటివాళ్లు కనీసం తువ్వాళ్లు, దుప్పట్లు సెలవు రోజు మధ్యాహ్నానికి ఉంచుకోవాలి.

నీరెండ

హీటరు మాట వచ్చింది కాబట్టి చెప్పక తప్పదు. చలికి బట్టలు ఆరడం లేదని గది హీటరు మీద గానీ, దాని ముందు కుర్చీ మీద గానీ బట్టలు వేయడం అత్యంత ప్రమాదకరం. జారి పడిన ఒక్క లుంగీ చాలు ఇల్లు అంటుకోవడానికి. హీటరుకు కనీసం మూడడుగుల దూరం ఉండాలి, ఎవరూ లేని గదిలో దాన్ని వెలిగించి వదలకూడదు. గ్యాసు హీటరు, బొగ్గుల కుంపటి వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మూసిన గదిలో వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా ప్రాణం తీస్తుంది. అంతేకాదు, పొగగొట్టం లేని గ్యాసు హీటరు బట్టలను ఆర్చే యంత్రమే కాదు, ఎందుకంటే ఒక కిలో వంటగ్యాసు మండితే దాదాపు 1.6 కిలోల నీటి ఆవిరి అదే గదిలోకి చేరుతుంది. బట్టల తేమకు గ్యాసు తేమ తోడవుతుంది.

తడిగోడ

ఇన్ని వివరాలు ఇచ్చినందుకు అందరికీ కృతజ్ఞతలు. పాతగోడలు గారు చెప్పిన పరీక్ష చేశాను. రెండు రోజుల తరువాత రేకు కాగితం తీస్తే గోడవైపు పూర్తిగా పొడిగా ఉంది, గదివైపు వేలితో గీస్తే గీత పడేంత చెమ్మ ఉంది. పైపు సమస్య కాదని తేలినందుకు ఊరట కలిగింది గానీ, ఇన్నాళ్లూ చేసింది మేమే అని తెలిసి బాధ కూడా కలిగింది.

ప్రయాణ సామాను తూచే చిన్న త్రాసు ఇంట్లో ఉంటే, ఉతకడానికి ముందు బట్టలన్నీ సంచిలో వేసి తూచాను: 4 కిలోల 200 గ్రాములు. యంత్రంలోంచి తీశాక సరిగ్గా 7 కిలోలు. అంటే రెండు లీటర్ల 800 మిల్లీలీటర్ల నీళ్లు. ఉతుకుబండ గారు చెప్పినట్టు ఎక్కువ వేగంతో మరోసారి స్పిన్ పెట్టి తూస్తే 6 కిలోల 300 గ్రాములకు దిగింది. పది నిమిషాల్లో ముప్పావు లీటరుకు కాస్త తక్కువ నీరు కాలవలోకి పోయింది, లేకుంటే అది మా అబ్బాయి పడుకునే గదిలోకి వచ్చేది.

ఒక సందేహం. మాకు పడకగది, ముందుగది, వంటగది కాకుండా మిగిలింది స్నానాల గది ఒక్కటే. అందులో కిటికీ లేదు, ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది. అక్కడ ఆరేయవచ్చా?

గాలివాటం

తప్పకుండా. నిజానికి మీ ఇంట్లో అంతకంటే మంచి చోటు లేదు. పెద్ద గదిలో ఆరేస్తే తేమ పలచబడుతుందని చాలామంది అనుకుంటారు, కానీ చిన్న గదిలో పెట్టి, తలుపు మూసి, అక్కడి గాలిని నేరుగా బయటికి తోయడమే సరైన పని. రెండు విషయాలు చూసుకోండి. తలుపు కింద రెండు వేళ్ల సందు ఉండాలి, లేకపోతే ఫ్యానుకు లాగడానికి గాలే అందదు. రెండోది, ఫ్యాను తిరుగుతున్న శబ్దం వస్తే సరిపోదు, అది గాలిని లాగుతోందో లేదో చూడాలి. పలుచటి టిష్యూ కాగితాన్ని ఫ్యాను జాలీకి ఆనించి వదిలేయండి. అంటుకుని నిలబడితే లాగుతున్నట్టు, కింద పడితే లాగనట్టు. స్నానం చేసిన తడి పూర్తిగా ఆరాకే బట్టలు వేయండి.

ఊలుదారం

ముక్క వాసన గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు. 2012లో జపాన్ పరిశోధకులు ఉతికిన బట్టల్లో వచ్చే ఈ వాసనకు ముఖ్య కారణం మొరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా అని గుర్తించారు. అది బట్ట ఆరిపోయినా చావదు, అతినీలలోహిత కిరణాలను కూడా చాలావరకు తట్టుకుంటుంది. బట్ట తడిగా ఉన్నంతసేపూ పెరుగుతుంది. అందుకే రెండు రోజులు ఆరిన తువ్వాలు పొడిగా ఉన్నప్పుడు బాగానే ఉండి, ముఖం తుడుచుకోగానే కంపు కొడుతుంది. ఆ వాసనను సువాసన ద్రవాలతో కప్పిపుచ్చడం వల్ల ప్రయోజనం లేదు, మెత్తదనం కోసం పోసే ద్రవాలు తువ్వాలు నీళ్లు పీల్చే గుణాన్ని కూడా తగ్గిస్తాయి. లేబుల్ అనుమతిస్తే 60 డిగ్రీల వేడినీటిలో ఒకసారి ఉతికి, త్వరగా ఆరేలా చూడాలి. సబ్బుపొడి ఎక్కువ వేసినా నష్టమే, జాడింపులో పోకుండా గుడ్డలో మిగిలిపోతుంది. ఉతికిన బట్టలను రాత్రంతా యంత్రంలోనే వదిలేసే అలవాటు ఉంటే ముందు దాన్ని మానండి.

ఇంకో మాట. చలికాలంలో బట్ట ఆరిందో లేదో చేయి సరిగా చెప్పలేదు, ఎందుకంటే చల్లటి బట్టకూ తడి బట్టకూ చేతికి తేడా తెలియదు. నేనేం చేస్తానంటే, అదే గదిలో ఎప్పుడో ఆరిన పాత చొక్కా ఒకటి ఉంచుకుంటాను. కొత్తగా ఆరిన బట్టలో అన్నిటికంటే మందమైన చోటును, అంటే కాలరు లేదా చంక అతుకును, రెండు వేళ్లతో నొక్కి పట్టి, రెండో చేత్తో పాత చొక్కా కాలరును పట్టుకుని అర నిమిషం ఆగుతాను. పొడి గుడ్డ వేళ్ల వేడికి వెచ్చబడుతుంది, తడి ఉన్నది చల్లగానే ఉండిపోతుంది. ఊలు విషయంలో మాత్రం దీన్ని కూడా నమ్మకండి. ఊలు తన బరువులో దాదాపు 30 శాతం తేమను లోపల దాచుకుని కూడా పొడిగా ఉన్నట్టే తగులుతుంది. స్వెట్టరు ఆరిందనిపించిన తరువాత ఇంకో రోజు జాలీ మీద పరిచే ఉంచి, అప్పుడు బీరువాలో పెట్టండి.

పొడిగాలి

కొంచెం ఖర్చు పెట్టగలిగేవాళ్లకు డీహ్యూమిడిఫయర్, అంటే గాలిలోని తేమను లాగి నీరుగా తొట్టెలో పట్టే యంత్రం, మంచి మార్గం. మేము మూడు చలికాలాలుగా వాడుతున్నాం. చిన్న గదిలో స్టాండు, ఆ యంత్రం పెట్టి, తలుపు కిటికీలు మూసి వదిలితే పొద్దునకల్లా తొట్టెలో రెండు లీటర్లకు దగ్గరగా నీళ్లు ఉంటాయి. ఆ నీళ్లను చేత్తో ఎత్తి పారబోసినప్పుడు కలిగే నమ్మకం వేరు. నీరు ఆవిరవుతూ గదిలోంచి తీసుకున్న వేడిని ఈ యంత్రం మళ్లీ గదికే ఇస్తుంది కాబట్టి గది కొంచెం వెచ్చగా కూడా ఉంటుంది. కొనేముందు ఒకటి గమనించండి: కంప్రెసర్ ఉన్న రకం 15 డిగ్రీలకంటే చల్లటి గదిలో మందగిస్తుంది, అలాంటి చోట్లకు తేమ పీల్చే పదార్థంతో పనిచేసే డెసికెంట్ రకం నయం, అయితే అది విద్యుత్తు ఎక్కువ తీసుకుంటుంది. రోజుకు ఇన్ని లీటర్లని పెట్టె మీద రాసే అంకె సాధారణంగా 30 డిగ్రీల వేడిలో కొలిచింది, చలిగదిలో అందులో సగం కూడా రాకపోవచ్చు. బీరువాలో పెట్టుకునే తేమ పీల్చే డబ్బాలు బీరువాకే సరిపోతాయి, ఒక స్టాండు తడిబట్టలకు అవి ఏ మూలకూ చాలవు.

డ్రయ్యర్ ఉన్నవాళ్లు దాని గొట్టం బయటికే వెళ్లేలా చూసుకోండి. గదిలోకి వదిలితే ఈ చర్చ మళ్లీ మొదటికి వస్తుంది.

దండెంతాడు

గాలివాటం గారి మాటలు విన్నాక నిన్న ఒక తేమమాపకం కొన్నాను. బట్టలు ఆరేసిన గదిలో 58 చూపిస్తోంది. దాన్ని నమ్మవచ్చా?

గాలివాటం

పరీక్షించి చూడవచ్చు. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దలా అయ్యేంతవరకు కొన్ని చుక్కల నీళ్లు కలిపి, ఆ మూతను, తేమమాపకాన్ని గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఎనిమిది గంటలు ఉంచండి. తడి ఉప్పు పైన గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీది 71 చూపిస్తే నాలుగు కలుపుకుని చదవండి. ఇంట్లో 40 నుంచి 60 మధ్య ఉంటే మంచిది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంటి తేమ, బూజుల మీదే ప్రత్యేకంగా మార్గదర్శకాలు వెలువరించింది. తడి ఇళ్లలో ఉబ్బసం, దగ్గు ఎక్కువని అందులో స్పష్టంగా చెప్పారు. తడిగోడ గారూ, ఇది చదివి భయపడవద్దు, కానీ అబ్బాయిని చూసే డాక్టరుకు బూజు సంగతి తప్పకుండా చెప్పండి.

తడిగోడ

మూడు వారాల తరువాత రాస్తున్నాను. డాక్టరుకు చెప్పాం, వాడి మంచాన్ని ముందుగదిలోకి మార్చాం.

స్నానాల గది ఫ్యానుకు టిష్యూ కాగితం ఆనిస్తే కింద పడిపోయింది. మా వారు జాలీ విప్పి చూస్తే రెక్కల మీద వేలెడు మందాన జిగురులాంటి దుమ్ము పేరుకుని ఉంది. కడిగి ఆరబెట్టి బిగించాక కాగితం అంటుకుని, రెపరెపలాడుతూ నిలబడింది. అప్పటి నుంచి బట్టలన్నీ అక్కడే, రెండు రోజులకొకసారి, రెండుసార్లు స్పిన్ చేసి, స్టాండు కింద చిన్న టేబుల్ ఫ్యాను పెట్టి ఆరేస్తున్నాం. చొక్కాలు ఆరు గంటల్లో, తువ్వాళ్లు పొద్దునకు ఆరుతున్నాయి. తువ్వాళ్లను వేడినీటిలో ఒకసారి ఉతికాక వాసన పోయింది. జీన్సు మాత్రం క్లిప్పులతో వేలాడదీసినా ఒక రోజు పడుతోంది. పడకగదిలో తేమ 72 ఉండేది, ఇప్పుడు 57కు, 60కి మధ్య ఉంటోంది.

గోడను పాతగోడలు గారు చెప్పినట్టే తుడిచి, పెన్సిలు గీత గీశాను. ప్రతి ఆదివారం టార్చిలైటు వేసి చూస్తున్నాను. నిన్నటి వరకు శుభ్రంగా ఉంది. ఈ రోజు గీత లోపల, కింది మూలన, ఆవగింజంత చుక్కలు రెండు కనిపించాయి.

పాతగోడలు

తడిగోడ గారూ, బీరువాను గోడకు ఎంత దూరం జరిపారు?

తడిగోడ

ఆ మూలన జరపలేదండీ, తలుపు తెరుచుకోవడానికి అడ్డం వస్తుందని వదిలేశాం. ఈ సాయంత్రం బట్టలన్నీ దించి, దాన్ని నాలుగు వేళ్ల దూరానికి లాగుతాం. ఆ రెండు చుక్కల చుట్టూ విడిగా మరో గీత గీసి ఉంచాను.